ముందు ఉత్తుత్తి కరెంటుతో

బల్బు వెలుగు తగ్గాలంటే దానికి వెళ్లే కరెంటును సన్నగా చెయ్యాలని అనుకుంటాం. డిమ్మర్ చేసేది అది కాదు. కాసేపు ఆగుతుంది, తర్వాత ఉన్న కరెంటంతా వదిలేస్తుంది. మళ్లీ ఆగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. ఎంతసేపు ఆగిందన్న దాన్ని బట్టే వెలుగు.

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపులో రెండుసార్లు సున్నాను దాటుతుంది కాబట్టి సెకనుకు 100 సున్నాలు. ఒక సున్నాకీ తర్వాతి సున్నాకీ మధ్య 10 మిల్లీసెకన్లు. డిమ్మర్ కట్టేవాడికి చేతిలో ఉన్నదల్లా ఈ 10 మిల్లీసెకన్లే. సున్నా దాటిన వెంటనే స్విచ్ వేస్తే పూర్తి వెలుగు. 5 మిల్లీసెకన్లు ఆగి వేస్తే సగం శక్తి. 9 దాకా ఆగితే దాదాపు చీకటి.

ఆ స్విచ్ పేరు ట్రయాక్. లోపలికి తోస్తే తనంతట తాను గడియ పడే తలుపు లాంటిది. చిన్న తాకిడి చాలు, మూసుకుంటుంది. ఆ తర్వాత మీరు చెయ్యి తీసేసినా తెరుచుకోదు, తనలో పారే కరెంటు సున్నాకు దిగినప్పుడే వదులుతుంది. అందుకే ప్రతి 10 మిల్లీసెకన్లకూ కొత్తగా తాకాల్సి వస్తుంది. ఈ తాకే పనిని మైక్రోకంట్రోలర్‌కు అప్పజెప్పడమే ఈ అధ్యాయం.

పాత ఫ్యాను రెగ్యులేటర్లు గుర్తున్నాయా? గోడకు పెద్ద డబ్బా, మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. లోపల తీగ చుట్టిన రెసిస్టెన్స్ మిగులు శక్తినంతా వేడిగా తగలేసేది. నాటకశాలల్లో ఇంకా విచిత్రం: ఉప్పునీళ్ల తొట్టిలో లోహపు పలకలు పైకీ కిందికీ కదిపి దీపాలు తగ్గించేవారు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ట్రయాక్‌కు పూర్వీకుడైన థైరిస్టర్‌ను బయటపెట్టాక ఇలా శక్తిని వేడిగా తగలేసే ఏర్పాట్ల అవసరం తీరిపోవడం మొదలైంది. జోయెల్ స్పైరా అనే అమెరికన్ 1961లో లుట్రాన్ కంపెనీ పెట్టి గోడ స్విచ్‌లో పట్టేంత డిమ్మర్లను ఇళ్లకు తెచ్చాడు. ఈ రోజు మీరు కొన్ని వందల రూపాయలకు కొనే చిన్న మాడ్యూల్ ఆ వంశానిదే. గుండ్రటి మీట బదులు నాలుగు పిన్నులు, అంతే తేడా.

మాడ్యూల్ చేతికి రాగానే చాలామంది చేసే పని దాన్ని ప్లగ్గుకు తగిలించడం. అది వద్దు.

కారణం ప్రమాదం ఒక్కటే కాదు. 230 వోల్టులు బల్ల మీద ఉన్నప్పుడు మనిషికి రెండే స్థితులు. భయపడుతూ ఉంటే బుర్ర పనిచెయ్యదు. ప్రోగ్రాంలో ఒక అంకె మార్చి చూడ్డానికి కూడా చెయ్యి రాదు. భయం పోయిందంటే ఇంకా చెడ్డది, పదోసారి ప్లగ్గు తీయకుండానే వైరు కదుపుతాడు. నేర్చుకోవడానికి తప్పులు చెయ్యాలి, వాటిని కాస్త ఎక్కువగానే చెయ్యాలి. ఆ తప్పులకు 5 వోల్టుల దగ్గర చోటివ్వండి. మొత్తం లెక్క, మొత్తం ప్రోగ్రాం, మొత్తం తిప్పలు అక్కడే పూర్తికావాలి. 230 దగ్గరికి వెళ్లేసరికి మిగిలిన పని నాలుగు స్క్రూలు బిగించడమే కావాలి. నా దృష్టిలో ఈ అధ్యాయంలో నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇదే, ట్రయాక్ దీని తర్వాతే.

మరి మెయిన్స్, అంటే ఇంటికొచ్చే ఆ 230 వోల్టుల కరెంటు, లేకుండా డిమ్మర్ నేర్చుకోవడం ఎలా? ఉత్తుత్తి మెయిన్స్ తయారుచేసుకుని.

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి మాడ్యూల్‌ను దానికి తగిలిస్తే సరిపోదా అని మీకు తట్టి ఉంటుంది. మంచి ఆలోచనే గానీ పనిచెయ్యదు. సున్నాను కనిపెట్టే భాగం ముందు 230 వోల్టుల కోసం లెక్కగట్టిన పెద్ద రెసిస్టర్లు ఉంటాయి, సాధారణంగా మొత్తం కలిపి లక్ష ఓమ్‌ల దరిదాపుల్లో. 12 వోల్టుల మీద వాటిగుండా వచ్చే కరెంటు ఆ కబురును వెలుతురుతో అందించే ఆప్టోకప్లర్ లోపలి చిన్న ఎల్‌ఈడీకి చాలదు. మాడ్యూల్ సున్నాను చూడలేదు, మీరేమో ప్రోగ్రాం తప్పనుకుని గంటల కొద్దీ వెతుక్కుంటారు.

ఒక ఆర్డుయినో ఉనో, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, ఒక ఎల్‌ఈడీ, దానికి 220 ఓమ్‌ల రెసిస్టర్, నాలుగు జంపర్ వైర్లు తీసుకోండి. హైదరాబాదులో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో పది నిమిషాల పని. మాడ్యూల్ డబ్బాలోనే ఉండనివ్వండి.

మొదటి మెట్టులో కాలాన్ని 100 రెట్లు సాగదీయండి. 10 మిల్లీసెకన్ల బదులు ఒక సెకను. ఇంటరప్టులూ టైమర్లూ ఏవీ వద్దు. మిల్లిస్ గడియారం చూసుకుంటూ ప్రతి సెకను మొదట్లో ఎల్‌ఈడీని ఆర్పండి, కాసేపు ఆగి వెలిగించండి, సెకను అయిపోగానే మళ్లీ ఆర్పండి. ఆగే సమయం పొటెన్షియోమీటర్ నుంచి రావాలి. మీట తిప్పుతుంటే ఎల్‌ఈడీ ఒక్కో సెకనులో ముందుగానో ఆలస్యంగానో వెలగడం కంటికి కనిపిస్తుంది. డిమ్మర్ అంటే ఇంతే. ఇక్కడ అర్థమైనదే తర్వాత 100 రెట్లు వేగంగా జరుగుతుంది.

రెండో మెట్టు అసలు వేగం. ఉనోలో టోన్ ఆజ్ఞతో 8వ పిన్ను మీద 100 హెర్ట్జ్ అలను పుట్టించండి. ఒక జంపర్‌తో దాన్ని 2వ పిన్నుకు కలపండి. 2వ పిన్ను ఉనోలో ఇంటరప్టుకు పనికొచ్చే రెండింటిలో ఒకటి, రెండోది 3. అల పైకి లేచిన ప్రతిసారీ, అంటే సెకనుకు 100 సార్లు, మైక్రోకంట్రోలర్‌కు "సున్నా దాటింది" అన్న కబురు అందుతుంది. అది నిజం సున్నా కాదని దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

కబురు అందాక ఆగడం ఎలా అన్నదే అసలు తిరకాసు. ఇంటరప్టు లోపలే డిలే మైక్రోసెకండ్స్ పెట్టి కూర్చోబెట్టే ప్రోగ్రాములు చాలా దొరుకుతాయి. పనిచేస్తాయి కూడా, కానీ ఆగినంతసేపూ మైక్రోకంట్రోలర్ ఇంకే పనీ చెయ్యలేదు. మిల్లిస్ గడియారం వెనకబడుతుంది, సీరియల్ అక్షరాలు పోతాయి. పని టైమర్‌కు అప్పజెప్పండి. ఉనో గడియారం 16 మెగాహెర్ట్జ్. టైమర్ 1కి 8 ప్రీస్కేలర్ పెడితే ఒక్కో అంకె అర మైక్రోసెకను. 10 మిల్లీసెకన్లు అంటే 20,000 అంకెలు, 65,535 దాకా లెక్కపెట్టగల ఆ టైమర్‌లో సుఖంగా పడుతుంది. సున్నా కబురు రాగానే టైమర్‌ను సున్నా చేసి ఎల్‌ఈడీని ఆర్పండి. టైమర్ మీరు చెప్పిన అంకెకు చేరినప్పుడు ఎల్‌ఈడీని వెలిగించండి. తర్వాతి సున్నా వచ్చేదాకా అది వెలుగుతూనే ఉంటుంది, ట్రయాక్ గడియ పడినట్టే.

ఇక్కడ ఒక చిన్న దొంగ దాక్కుని ఉంటాడు. ఆగే అంకె రెండు బైట్లది, ఉనో ఒకసారికి ఒక బైటే ముట్టుకోగలదు. లూప్‌లో ఆ అంకెను మారుస్తున్నప్పుడు, ఒక బైటు మారి రెండోది మారకముందే ఇంటరప్టు వస్తే తప్పుడు అంకె చదువుతుంది. ఎప్పుడో ఒకసారి బల్బు మిణుక్కుమంటుంది, కారణం కనబడదు. అంకె మార్చే ఆ క్షణంలో ఇంటరప్టులు ఆపి, మార్చాక మళ్లీ తెరవండి. ఆ అంకెను వోలటైల్‌గా ప్రకటించడం కూడా మర్చిపోవద్దు. టైమర్ 1 మీ పనిలో ఉన్నంతకాలం సర్వో లైబ్రరీ, 9, 10 పిన్నుల అనలాగ్ రైట్ వాడుకోలేరు, అవి కూడా ఆ టైమర్ మీదే బతుకుతాయి. టోన్‌కు ఆ గొడవ లేదు, దానిది టైమర్ 2.

అనలాగ్ రైట్ మాట వచ్చింది కాబట్టి: చాలా మాడ్యూళ్ల మీద వీసీసీ, గ్రౌండ్, జడ్-సీ (సున్నా కబురు ఇచ్చేది) పక్కన నాలుగో పిన్ను దగ్గర పీడబ్ల్యూఎం అని అచ్చువేసి ఉంటుంది. ఆ అచ్చు ఎంతమందిని తప్పుదారి పట్టించిందో లెక్కలేదు. అది చూసి అనలాగ్ రైట్ ఇస్తే ఉనో తన ఇష్టమొచ్చిన 490 హెర్ట్జ్‌లో పల్సులు పంపుతుంది. ఆ పల్సులకూ కరెంటు సున్నాలకూ పొత్తు లేదు. బల్బు వెర్రెత్తినట్టు మిణుకుతుంది. అది ట్రయాక్‌ను తాకే పిన్ను మాత్రమే అని గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. దొరికే ప్రోగ్రాముల్లో చాలావరకు అమెరికా వాళ్ల 60 హెర్ట్జ్ కోసం రాసినవి. అక్కడ సున్నాకీ సున్నాకీ మధ్య 8.33 మిల్లీసెకన్లే. అదే ప్రోగ్రాం ఇక్కడ పెడితే ఎంత తగ్గించినా బల్బు పూర్తిగా ఆరదు, దాదాపు 3 శాతం శక్తితో కునుకుతూ ఉంటుంది. ప్రోగ్రాంలో 520 దరిదాపుల అంకె ఏదైనా కనిపిస్తే అనుమానించండి. 16 మైక్రోసెకన్ల అంకెలతో వాళ్ల అర ఊపు సుమారు 520, మనది 625. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఇక్కడి ప్రోగ్రాం పట్టుకెళితే దీనికి తిరగేసిన ఇబ్బంది వస్తుంది. డిలేతో ఆగే ప్రోగ్రాం అయితే 9 మిల్లీసెకన్ల ఆగుడు తర్వాతి అర ఊపులోకి పడిపోయి, ఆరాల్సిన బల్బు భగ్గున వెలుగుతుంది.

బల్ల మీది ఎల్‌ఈడీ ఒక్క విషయంలో అబద్ధం చెబుతుంది. దాని కరెంటు సమతలంగా ఉంటుంది, మెయిన్స్ అలేమో మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్చగా. అందుకే మెయిన్స్‌లో ఆగే సమయానికీ అందే శక్తికీ సూటి లెక్క కుదరదు. 2.5 మిల్లీసెకన్లు ఆగితే పావు వంతు పోతుందనుకుంటాం, పోయేది 9 శాతమే. 7.5 ఆగితే పావు వంతు మిగులుతుందనుకుంటాం, మిగిలేదీ 9 శాతమే. వెలుగు మారేదంతా మధ్య 5 మిల్లీసెకన్లలోనే. కాబట్టి ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: 90 శాతం శక్తికి 2.6 మిల్లీసెకన్లు, 75కి 3.7, 50కి 5, 25కి 6.3, 10కి 7.4. మధ్యలోవి మీరే పూరించుకోవచ్చు.

ఈ వంపు వల్ల మనకొక లాభం కూడా ఉంది. మొదటి మిల్లీసెకనులో ఉన్న శక్తి ఒక శాతం కన్నా తక్కువ, చివరి మిల్లీసెకనులోదీ అంతే. రెండు చివర్లూ వదిలేసినా పోయేదేమీ లేదు. వదిలెయ్యాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. మాడ్యూల్ ఇచ్చే సున్నా కబురు నిజమైన సున్నా కన్నా కొంచెం ముందే వస్తుంటుంది. మీరు ఏమాత్రం ఆగకుండా తాకితే అది పాత అర ఊపు తోకలో పడుతుంది. ట్రయాక్ గడియ పడినట్టే పడి వెంటనే వదిలేస్తుంది. పూర్తి వెలుగు అడిగితే చీకటి వస్తుంది! రెండో చివర్లో దీనికి వ్యతిరేకం. 9.8 దగ్గర మొదలైన తాకిడి సున్నా దాటి సాగితే కొత్త అర ఊపు మొత్తం వెలుగుతుంది. అందుకని 1కి తక్కువ, 9కి ఎక్కువ ఎప్పుడూ వెళ్లకండి. ఆర్పాలంటే ఆలస్యంగా తాకడం కాదు, అసలు తాకవద్దు. మాడ్యూల్‌కు మారేటప్పుడు ప్రోగ్రాంలో చెయ్యాల్సిన మార్పు ఒక్కటే: ఎల్‌ఈడీ లాగా సున్నా దాకా పట్టుకోకుండా, తాకి 100 మైక్రోసెకన్లలో చెయ్యి తీసెయ్యాలి.

శక్తి లెక్క కుదిరినంత మాత్రాన కంటికి కుదరదు. పాత రకం తీగ బల్బుకు సగం శక్తి ఇస్తే వచ్చే వెలుగు మూడో వంతు కన్నా తక్కువ. తీగ చల్లబడి ఎర్రబారుతుంది, కాంతి కన్నా వేడిగా ఖర్చయ్యే పాలు పెరుగుతుంది. కరెంటు ఆదా కోసం పెద్ద బల్బు పెట్టి తగ్గించి వాడటం తెలివితక్కువ బేరం. కన్నేమో చీకట్లో చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, వెలుతురులో పెద్ద తేడాను పట్టించుకోదు. మెట్లు ఎలా పెట్టాలో చివరికి మీ కన్నే చెప్పాలి. చీకటి వైపు చిన్న మెట్లు, వెలుగు వైపు పెద్దవి. పడకగదికి ఒక పట్టిక, పూజగదికి ఒక పట్టిక రాసుకున్నా తప్పులేదు.

ఇప్పుడు మాడ్యూల్‌ను డబ్బాలోంచి తీయండి. కరెంటు ఇవ్వడానికి కాదు, చదవడానికి. భూతద్దం ఉంటే మంచిది.

మూడు కాళ్ల నల్లటి పెద్ద ముక్క ట్రయాక్. బీటీ 136 అయితే 4 ఆంప్స్, 600 వోల్టులది. బీటీఏ 16 అయితే 16 ఆంప్స్‌ది. రెంటి మధ్య మీ ప్రాణానికి సంబంధించిన తేడా ఒకటుంది. బీటీ 136 వీపు మీది లోహపు రేకు మధ్య కాలికి అంటుకుని ఉంటుంది, అంటే ఆ రేకులోనే మెయిన్స్. బీటీఏ రకానికి రేకు విడిగా ఇన్సులేట్ అయి ఉంటుంది. ఏదైనా తాకవద్దు, కానీ మొదటి దానికి హీట్ సింక్ బిగిస్తే ఆ హీట్ సింక్ మొత్తం షాక్ కొడుతుంది. హీట్ సింక్ ఎప్పుడు కావాలి? ట్రయాక్ తన దగ్గర ఒక వోల్టూ, ఒకటిన్నర వోల్టూ మింగుతుంది. 100 వాట్ల బల్బుకు అర ఆంప్ కన్నా తక్కువ కాబట్టి వేడి అర వాటు చుట్టూ, హీట్ సింక్ అక్కర్లేదు. 400 వాట్లయితే రెండు వాట్లు దాటొచ్చు, కావాలి. హీట్ సింక్ లేని బుల్లి పలక మీద 16 ఆంప్స్ అని అచ్చువేస్తే అది ట్రయాక్ గొప్పే తప్ప పలక గొప్ప కాదు.

దాని పక్కన ఆరు కాళ్ల చిన్న ముక్క ఆప్టోకప్లర్. ట్రయాక్‌ను తాకేది ఇదే. ఇటు 5 వోల్టులకూ అటు 230కీ మధ్య వెలుతురు తప్ప ఇంకే దారీ లేకుండా చేసేదీ ఇదే. దాని మీద ఎంవోసీ 3021 గానీ 3023 గానీ ఉండాలి. 3041, 3063 అని ఉంటే ఆ మాడ్యూల్ డిమ్మర్‌కు పనికిరాదు. అవి మీరెప్పుడు తాకినా సున్నా వచ్చేదాకా కబురును తొక్కిపెట్టే రకం. సున్నా కనిపెట్టే వైపు ఇంకో ఆప్టోకప్లర్ ఉండాలి. రెండూ ఉన్నాయా, రెంటి కింద పలక మీద రాగి గీతలు లేని ఖాళీ దారి ఉందా అని చూడండి. ఖాళీలో ఏ గీతైనా అడ్డంగా పోతుంటే, ఎంత చవకైనా, ఆ మాడ్యూల్ వద్దు.

ఈఎస్‌పీ 8266, ఈఎస్‌పీ 32 వాడేవాళ్లు మాడ్యూల్ వీసీసీని 3.3 వోల్టులకే కలపాలి. లేకపోతే జడ్-సీ పిన్ను మీదుగా 5 వోల్టులు తిరిగొచ్చి బోర్డును పాడుచెయ్యవచ్చు. వైఫై పనిలో పడి ఈ బోర్డులు సున్నా కబురును ఒక్కోసారి ఆలస్యంగా అందుకుంటాయి. ఇంటరప్టు ఫంక్షన్‌ను ఐర్యామ్‌లో ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

మెయిన్స్ రోజు. 18 ఏళ్ల లోపు వాళ్లు పక్కన తెలిసిన పెద్దవాళ్లు లేకుండా ఇక్కడి నుంచి ముందుకు వెళ్లొద్దు.

మాడ్యూల్‌ను ముందు ప్లాస్టిక్ డబ్బాలో బిగించండి. పలక కింద లోహం తగలకుండా ప్లాస్టిక్ కాళ్లు పెట్టండి. మెయిన్స్ వైపు ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, జంపర్ వైర్లు కాదు. వైరు డబ్బాలోకి వచ్చే చోట లాగినా ఊడకుండా క్లాంప్. ఫేజ్‌లో మాడ్యూల్‌కు ముందు ఒక ఆంప్ ఫ్యూజ్. ఇంటి ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, అది కదిలేలోపే ట్రయాక్ కాలిపోతుంది. ఎర్త్‌కు కారే కరెంటును పట్టే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటే మంచిదే, కానీ ఒక చెయ్యి ఫేజ్ మీద ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దానికి మీరు కూడా ఒక బల్బే. ఫేజ్ మాడ్యూల్ గుండా పోయేలా చూసుకోండి. మూడు కన్నాల సాకెట్‌లో ఎర్త్ పైన ఉండగా ఎదురుగా చూస్తే ఫేజ్ కుడివైపు ఉండాలి. పాత ఇళ్లలో అలా ఉంటుందన్న హామీ లేదు, టెస్టర్ పెట్టి చూడండి.

ఇక మన ఎలక్ట్రీషియన్ల దగ్గర నేర్చుకోవాల్సిన గొప్ప అలవాటు సిరీస్ బోర్డు. 100 వాట్ల తీగ బల్బును ఫేజ్‌లో వరుసగా పెట్టి, దాని తర్వాత మీ మాడ్యూల్. లోపల ఎక్కడ షార్ట్ ఉన్నా ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఇంకేమీ పేలదు. మొదట లోడ్ లేకుండా ఇవ్వండి. సిరీస్ బల్బు చీకటిగా ఉంటే సరే. ప్లగ్గు తీసి, 40 వాట్ల బల్బు తగిలించి మళ్లీ ఇవ్వండి. ఈ మొదటి పరీక్షల్లో ఆర్డుయినోను లాప్‌టాప్‌కు కలపకండి, ఫోన్ ఛార్జర్‌తో నడపండి. మాడ్యూల్‌లో ఏదైనా తేడా ఉంటే యూఎస్‌బీ వైరు గుండా మెయిన్స్ మీ లాప్‌టాప్‌కూ, దాని మీదున్న మీ చేతులకూ చేరుతుంది. ప్రోగ్రాం మార్చాలనిపిస్తే ముందు ప్లగ్గు తీయడం, తర్వాత యూఎస్‌బీ. ఈ వరుస తిరగబడకూడదు.

వోల్టులు కొలిస్తే అంకె వింతగా వస్తుంది, కంగారు పడకండి. సగం శక్తి దగ్గర నిజంగా ఉండాల్సింది సుమారు 163 వోల్టులు. ట్రూ ఆర్‌ఎంఎస్ కాని మామూలు మల్టీమీటర్ అక్కడ 115 చూపిస్తుంది. అది నునుపైన అలను ఊహించుకుని లెక్కవేస్తుంది, మీరిచ్చేది ముక్కలు చేసిన అల.

డిమ్మర్ సున్నా మీద ఉంది కదా అని బల్బు మార్చవద్దు. ఆరిన ట్రయాక్ తెగిన వైరు కాదు. కొన్ని మాడ్యూళ్లలో ట్రయాక్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, దాని గుండానే 7 మిల్లీ ఆంప్స్ కారుతుంటాయి. కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఆర్పినా రాత్రంతా మసగ్గా వెలగడానికి కారణం ఇలాంటి కారుడే.

ఏ బల్బుకు పనికొస్తుందన్న ప్రశ్నకు నా సమాధానం పిసినారిది. తీగ బల్బులకూ హాలోజన్లకూ బాగా పనికొస్తుంది. జీరో బల్బుకు కూడా. పేరుకే జీరో గానీ అది 15 వాట్ల దాకా తాగుతుంది కాబట్టి ట్రయాక్‌కు చేతినిండా పని. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉంటేనే ప్రయత్నించండి, అప్పుడు కూడా నిరాశకు సిద్ధపడండి. 5 వాట్ల ఎల్‌ఈడీ లాగే కరెంటు ట్రయాక్ గడియ పడి నిలబడ్డానికి చాలకపోవచ్చు. పడుతూ లేస్తూ మిణుకుతుంది. అలాంటప్పుడు దాని పక్కన సమాంతరంగా ఒక జీరో బల్బు తగిలిస్తే నిలకడ రావచ్చు. ఎలక్ట్రీషియన్ల చిట్కా ఇది, అందంగా ఉండదు గానీ పనిచేస్తుంది. డిమ్మబుల్ కాని ఎల్‌ఈడీలు, ట్యూబ్‌లైట్లు, ఫోన్ ఛార్జర్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు దీని జోలికి రాకూడదు. మామూలు సీలింగ్ ఫ్యాను తిరుగుతుంది గానీ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. దానికి కెపాసిటర్ రెగ్యులేటరే మేలు.

అన్నీ సరిగ్గా కట్టాక కూడా మిణుకుతుంటే మూడు చోట్ల చూడండి. ఇల్లు ఇన్వర్టర్ మీద ఉందా? స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అల నిటారుగా లేస్తుంది. ఆ వేగానికే ట్రయాక్ మీరు తాకకుండానే గడియ పడవచ్చు, మీ పట్టిక కూడా దానికి వర్తించదు. కరెంటు వచ్చాక మళ్లీ చూడండి. ఇంట్లో త్రీ ఫేజ్ ఉండి, ఒక మాడ్యూల్ సున్నా కబురుతోనే రెండు మూడు గదుల బల్బులు నడుపుతున్నారా? ఒక ఫేజ్ సున్నాకూ ఇంకో ఫేజ్ సున్నాకూ మధ్య మూడో వంతు ఊపు తేడా. సున్నా ఎక్కడ చూశారో బల్బు కూడా అదే ఫేజ్ మీద ఉండాలి. మూడోది ప్రోగ్రాం. దాని కోసం ఉత్తుత్తి మెయిన్స్ ఉంది కదా, డబ్బా మూసేసి దాని దగ్గరికే వెళ్లండి.

బల్బును వెలుగు కోసం కాక వేడి కోసం వాడేవాళ్లకు ఈ తంటాలో సగం అక్కర్లేదు. ఇంట్లో గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ కట్టుకునేవాళ్లు ఇందుకు మంచి ఉదాహరణ. లోపల 37.5 డిగ్రీల దగ్గర ఉంచాలి, తీగ బల్బులే వేడి. అక్కడ వెలుగు మిణికినా గుడ్లకు పట్టదు. ఊపుల మధ్యలో కొయ్యడం మానేసి, సెకనులో ఉన్న 50 పూర్తి ఊపుల్లో 15 వదిలి 35 ఆపితే 30 శాతం వేడి. దీనికి ఇందాక వద్దన్న ఎంవోసీ 3041 రకమే సరైనది, సున్నా దగ్గరే గడియ పడుతుంది కాబట్టి పక్కగదిలో రేడియో కూడా గరగరలాడదు. థర్మామీటర్ సెన్సర్ అంకెను చూసి ఎన్ని ఊపులు వదలాలో ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. ఒక్క షరతు: ట్రయాక్ పాడైతే సాధారణంగా షార్టై, అంటే పూర్తిగా వెలుగుతూ పాడవుతుంది. పెట్టెలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫేజ్‌ను తెంపేసే మామూలు థర్మోస్టాట్ ఒకటి విడిగా పెట్టండి. దానికి మీ మైక్రోకంట్రోలర్‌తోనూ ప్రోగ్రాంతోనూ ఏ సంబంధమూ ఉండకూడదు.